నాలుగింటి కొలత

గా ఫొటోల నా పక్కన నవ్వుతున్నదెవరని అడిగినవు గద ఆమనీ, కూసో, చెప్త. ఆశీర్వాదమన్న. నాచారంల మందుల కంపెనీల మా ప్యాకింగ్ లైనుకు సూపర్‌వైజరు. మస్తు నవ్విచ్చేటోడు. చర్చిల పాడితె పక్కోళ్లు రాగం తప్పేటోళ్లు, గట్లాంటి గొంతు! ఆఁ... ఏడున్న? ఒకనాడు పొద్దుగాల హెడ్డాఫీసు నుంచి లక్ష్మీకాంత్ సారొచ్చిండు, చేతుల స్టాప్‌వాచ్. ఎవ్వరెంత పని చేస్తున్నరో కొలుస్తడట. వచ్చి నా దగ్గర్నే నిలవడ్డడు. ఇగ నాకెక్కడలేని హుషారు! పది నిమిషాలల్ల పన్నెండు డబ్బాలు సీలేసిన. "శభాష్ రాజయ్యా!" అన్నడు. పొంగిపోయిన బిడ్డా. మర్నాడు గోడకు కాయితం అంటిచ్చిన్రు. అందరు గంటకు డెబ్బై రెండు చెయ్యాలె. చెయ్యనోళ్లు నెలాఖరుకు ఇంటికే.

నా పక్కన దోర్కా అని ఉండె, ఏడో నెల కడుపుతోని. నీళ్లు తాగితె లేవాల్సొస్తదని తాగుడే బంజేసింది. ఎంత ఉరికినా యాభై దాటకపాయె. ఒకనాడు డబ్బాల మీద తల వెట్టి ఏడ్సింది. ఏమైందంటె, "ఏం లే మామా, కండ్లల్ల దుమ్ము వడ్డది" అన్నది. నాకు ఆ దినం అన్నం సయించలే. ఆశీర్వాదమన్న నన్ను ఒక్క మాట అనలే. సక్కగ సారు దగ్గరికి పోయి, "సార్, పొద్దుగాల తొమ్మిదింటికి కొలిస్తిరి. సాయంత్రం నాలుగింటికి గూడ కొలవున్రి, గదే మనిషిని" అన్నడు. సారొచ్చిండు. అప్పటికే నా చేతులు గుంజుతున్నయి. అయినా మల్లొక్కసారి శభాష్ అనిపిచ్చుకోవాలని లోపల ఆశ ఉండనే ఉన్నది, అబద్ధమెందుకు? అన్న నా చెవుల, "రాజయ్యా, ఎక్కువ చూపియ్యకు, తక్కువ చూపియ్యకు. ఎట్లయితె గట్ల చెయ్యి" అన్నడు. పది నిమిషాలల్ల ఎనిమిది డబ్బాలే అయినయి. అంటె గంటకు నలభై ఎనిమిది, దోర్కా చేసేదానికన్న తక్కువ! సారు మూతి ముడుసుకున్నడు గని, కాయితం ఆయన చేతులతోనే పీకేసిండు.

వారం తిరగకముందే అన్నను గోదాంకు మార్చిన్రు, పెట్టెలు మోసే కాడికి. తప్పయిందని చెప్పుదామని మధ్యాన్నం తినే టైంల పోయిన. "ఏంది రాజయ్యా, గట్ల మొకం వేసుకొచ్చినవ్? ఈడ గడియారమే లేదు, మస్తుగున్నది. ఊకె నిలవడకు, గా కొస పట్టు" అన్నడు. పట్టిన. మర్నాడు గూడ పోయిన. ఆయన సచ్చిపోయేదాంక, రెండేండ్లు, దినాం పోయి ఆయనతోని పెట్టెలు మోసిన. తప్పయిందన్న మాట మాత్రం...

జర ఆ ఫ్యాను పెంచు బిడ్డా.