బంగారు పన్ను షరతు

దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటొచ్చిన ఎన్నికలై మూడేళ్ళు. డర్బన్‌లో, ఆ ఎన్నికల ముందు గొడవల్లో తప్పిపోయినవాళ్ళ ఆచూకీ చూసిపెట్టే ఆఫీసు. కంప్యూటరు ముందు, కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చిన స్నిగ్ధ. ఎదురు కుర్చీలో, ఊరి పక్కన చెరుకు తోటల మధ్యనున్న ఒట్టావా పేట నుంచి బస్సులో దిగిన సూబయ్య. పేటలో ఆయన మాటల్ని సగానికి సగం కోసుకుని వింటారు.

"పేరుతో దొరకదు తాతగారూ. ఇందులో పేర్లు లేవు. ఎవరూ తీసుకెళ్ళని శవాల గుర్తులే ఉన్నాయి. మీ అబ్బాయి గుర్తులు చెప్పండి."

"మా రాజెనా? ఏడడుగులుండీవోడు. సెరుకు తోటలో నిలబడితే కాకులొచ్చి నెత్తి మీద కూకునీవి."

"తాతగారూ..."

"ఆల్‌రైట్, నా అంతే ఉండీవోడు. నీ తెలుగు బాగుంది పిల్లా, రేడియోలాగ. మాది మా అవ్వ ఓడలో తెచ్చిన తెలుగు. ఉప్పు పట్టీసింది."

"ఆ రోజు ఏం వేసుకున్నాడు?"

"బ్లూ ఓవరాల్. ఉమ్‌కోమాస్ మిల్లులో పనుందంటే ఎల్లేడు. అంతే."

"రాసినవాళ్ళు తలో రకంగా రాశారు. పాత బ్లూ ఓవరాల్, బ్లూ ట్రౌజర్... అందుకని 'బ్లూ' ముందూ వెనకా నక్షత్రం గుర్తు పెడతాను. అటూ ఇటూ ఏమున్నా పట్టుకుంటుంది. చూడండి, చాలా వచ్చాయి."

"ఇంతమందా?"

"ఇంకో గుర్తు చెప్పండి, పక్క గడిలో పెడతాను. వరుసలో ఉన్న షరతులన్నీ కుదిరితేనే లెక్కలోకొస్తుంది."

"ఒక్కటి కుదరకపోతే?"

"రాదు."

"మిగతావన్నీ కుదిరినా?"

"కుదిరినా సరే."

"ఊఁ. సెయ్యి కాలింది, సిన్నప్పుడు. వాళ్ళమ్మ రోటీ పెనం మీద. మా పుష్పం ఆ పెనాన్ని తిట్టిన తిట్లకి పెనానికే బొబ్బలెక్కేయి."

"'బర్న్' అని పెడితే కాలిందన్నా, కాల్చారన్నా వస్తుంది... తగ్గాయి. ఇంకా?"

"ఎర్ర మొలతాడు. అమ్మోరి పూజలో నేనే కట్టేను."

"దారమని రాశారో, తాడని రాశారో. నడుముకి ఉన్నదేదైనా వచ్చేలా పెడతాను..."

"ఎన్నొచ్చేయి పిల్లా?"

"ఒకటి మిగిలింది తాతగారూ. ఉమ్‌కోమాస్ దగ్గర, తోటలో..."

"ఆగాగు. సదవకు. ఇంకో గుర్తుంది. బంగారు పన్ను, ముందర. నవ్వితే రెడ్‌హిల్ దాకా మెరిసీది. ఓడలోళ్ళు లైట్‌హౌసనుకునీవోళ్ళు."

"ఇందాక చెప్పలేదే?"

"ఇప్పుడు సెప్పేను కదా. పెట్టు."

"పెట్టాను. ఏమీ రాలేదు. సున్నా."

"గట్టిగా సెప్పు."

"సున్నా, తాతగారూ."

"ఆ. బాగుంది. ఇక్కడ టీ ఇస్తారా? పంచదార దండిగా ఎయ్యమను."

"తాతగారూ, రాజెన్‌కి నిజంగా..."

"ఆ పన్ను తీసీసేవనుకో. ఆ ఒకటి మళ్ళీ వస్తాదా?"

"వస్తుంది."

"ఆ కుర్రోణ్ణి ఏటి సేసేరు? కాల్చేరా?"

"లేదు. అక్కడే పూడ్చారు. సమాధికి నంబరుంది."

"ఊఁ. సిన్న కాయితం మీద రాసియ్యి. సొక్కా జేబులో పట్టాలి."

"తాతగారూ, కాస్త మంచినీళ్ళు..."

"వద్దు. సోమవారం పుష్పాన్ని తీసుకొస్తాను. ఇప్పటికీ ఆడికి పళ్ళెం పెట్టి మూతెడతాది. దాని ముందర మళ్ళీ ఎతుకు పిల్లా. పన్ను ఉంచి ఎతుకు."