తువ్వాల కింద అయిదు వేళ్లు

“మల్ల చెప్పు గుర్వయ్యా, పొట్టేలును ఎవ్వలకు అమ్మినవ్?”

“చెప్పిన గద వదినె. అమ్రాబాద్ దశరథంకు.”

కల్వకుర్తి అంగడి ముగిసిన మరునాటి పొద్దున, సత్తమ్మ ఇంటి వసారాలో జరిగిన మాటలివి. మరిది గుర్వయ్య చేతిలో చాయ్ చల్లారిపోతోంది. పట్నంలో చదివే మనుమరాలు మల్లిక, అవ్వ చెప్పిన చోటనే, వెనకింటి తలుపుకు ఆనుకుని కూర్చుంది. సత్తమ్మ అడగదలుచుకున్నది ఇంకా మొదలుపెట్టనే లేదు.

“సాదుకునేతందుకేనా?”

“సాదుకునేతందుకే. ఆయనకు మంద ఉన్నది, పొట్టేలు లేదు. కసాయోళ్లకు కోతకు ఇయ్యొద్దంటివి, ఇయ్యలే.”

“నా మీద ఒట్టు పెట్టు.”

“పొద్దుగాల్నే ఒట్లెందుకు వదినె? పైసలు చేతికిచ్చిన గద.”

“గా పైసలే నాకు మనసున పడ్తలేవు. పిల్ల హాస్టలుకు ఎంత కావాల్నో గంతే తెచ్చినవ్. ఒక్క రూపాయి ఎక్వ లేదు, తక్వ లేదు. మల్లిక ఫీజు ఎంతనో అంగడికి ఎట్ల ఎరుక?”

“అదృష్టం.”

“మీ అన్న మారయ్య ముప్పై ఏండ్లు అంగడికి పొయ్యిండు. ఒక్కసారన్న గసొంటి అదృష్టం తగలలే.”

“చాయ్‌ల చక్కెర ఎక్వైంది వదినె.”

“చక్కెరే ఎయ్యలే. నీకు షుగరు గద.”

“అవ్వా, జర ఇటు విను. ఎల్లుండి పట్నం పోంగనే మా హరిత మేడంకు రాసియ్యాలె. ఒక ఇంగ్లీషు మాట పట్టుకొని, అది ముందట ఎట్ల ఉండె, ఇప్పుడు ఎట్లయిందో చెప్పాలె. నాకు ‘హ్యాగుల్’ వచ్చింది. హ్యాగుల్ అంటే బేరమాడుడు.”

“గిప్పుడు వద్దు మల్లికా.”

“వద్దనకు వదినె, చదువుకునే పిల్ల. చెప్పు బిడ్డా, చెప్పు. నాకు ఇంగ్లీషంటె శాన ఇష్టం.”

“నీకా?”

“ఇష్టముంటె తప్పా?”

“చిన్న తాతా, నాలుగైదు వందల ఏండ్ల కింద దానికి బేరమనే అర్థమే లేకుండె. మొండి కత్తితోని అడ్డదిడ్డంగ కోసుడును హ్యాగుల్ అనేటోళ్లట. ఒక్క వేటుకు తెగదు. మల్ల కొట్టాలె, మల్ల కొట్టాలె. తర్వాత తర్వాత అది మాటల కొట్లాట అయింది. ఆఖరుకు ధర కాడ గుంజులాటకు వచ్చి ఆగింది. ఇప్పుడు కత్తి ముచ్చట ఎవ్వలకూ యాదికే లేదు.”

“మంచిగున్నది. ఇంకేం రాసిన్రు? నిమ్మళంగ చదువు.”

“కోసుడట. విన్నవా గుర్వయ్యా?”

“ఇంగ్లీషోళ్ల ముచ్చట వదినె అది.”

“సాన పట్టిన కత్తయితే జీవానికి తెల్వనే తెల్వదు. మొండిదయితేనే బాధ.”

“గది రాసుకుంట అవ్వా, మంచిగున్నది.”

“రాసుకో. గుర్వయ్యా, దశరథం పొట్టేలును చూసి ఏమన్నడు?”

“నుదుట చుక్క మంచిగున్నదన్నడు.”

“పండ్లు చూసిండా?”

“చూడకుంట ఎవడు కొంటడు?”

“నోరు తెరిసిందా?”

“తెరిసింది.”

“అది ఎవ్వలకూ తెరువదు. మీ అన్న సీసతోని పాలు తాపి సాదిన జీవం. ఆయన పొయినంక నాకొక్కదానికే తెరుస్తది.”

“జర... జర బలవంతం చేసిండులే.”

“మోకాళ్లు వంగుత లేవని మందకు మందే అమ్మిన. అప్పుడు నాకు ఏడుపు రాలే. గీ ఒక్కదాని కోసం రాత్రి కన్ను మూత పడలే గుర్వయ్యా. ఎవని చేతిల పడ్డదో, ఉన్నదో పొయ్యిందో అని పాణం కొట్టుకున్నది.”

“ఉన్నది వదినె. యాడికి పోతది?”

“యాడ ఉన్నది?”

“అమ్రాబాద్‌ల. ఇంకెక్కడ?”

“నీ పెండ్లాం బిక్షమ్మ బోరింగు కాడ చెప్పింది. నీ రెండు గొర్లు గూడ ఆటోల పొయినయట గద.”

“ఆడోళ్లకు ఆగదు. ఆటోల జాగ ఉండె, ఎక్కించిన. కిరాయి ఎట్లైన ఒక్కటే.”

“అవి వాపస్ వచ్చినయా?”

“అమ్మిన.”

“నీకేం అక్కెర ఒచ్చింది?”

“దాణా పిరమైంది.”

“వానలు పడి గడ్డి మోకాలెత్తు లేసింది. గిప్పుడు దాణానా?”

“వదినె, నువ్వు పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవ్.”

“అడుగుత. పొద్దుగాల చెల్కల పొంటి తిరుగుతున్నవట, తుమ్మ చెట్ల సందుల వంగి వంగి చూసుకుంట. ఏం ఎతుకుతున్నవ్?”

“ఏం లేదు. ఊకెనే నడుస్తున్న. డాక్టరు నడువుమన్నడు.”

“వంగి నడువుమన్నడా?”

“నడుముకు మంచిదట. సరే, నేను పోత వదినె, పనున్నది.”

“కూసో.”

“వెనకింట్ల ఏదో సప్పుడైంది?”

“పిల్లి. మల్లికా, నువ్వు లెవ్వకు, ఆడ్నే కూసో.”

“కూసున్ననే అవ్వా.”

“ఒక్కటే అడుగుత, చెప్పి పో. బేరం తువ్వాల కిందనేనా?”

“తువ్వాల కిందనే. పది మంది చూస్తుంటె ధర బయటకు ఎట్ల చెప్తం?”

“అదేంది తాతా, తువ్వాల కింద?”

“రెండు చేతుల మీద తువ్వాల కప్పుతం బిడ్డా. లోపట అవతలోని వేళ్లు పట్టుకుంటం. ఎన్ని వేళ్లు పడితే అంత ధర. వాడు ఒప్పుకోకుంటె గుంజుకుంటడు. పక్కన నిలవడ్డోనికి సుత తెల్వదు.”

“దా, నా చెయ్యి పట్టు. మీ అన్న అంగడికి పొయ్యే ముంగట నా వేళ్ల మీదనే పట్టి చూసుకునేటోడు. దశరథం కుడి చెయ్యి అనుకో. ఎట్ల పట్టినవో పట్టి చూపియ్యి.”

“ఎందుకు వదినె, పోరగాండ్ల ఆట లెక్క?”

“పట్టు.”

“గిట్ల... ముందుగాల మూడు పట్టిన. ఆయన గుంజుకున్నడు. మల్ల నాలుగు. ఆఖరుకు గిట్ల, చిటికెన వేలు గూడ కలుపుకొని అయిదు.”

“చిటికెన వేలు పట్టినవ్?”

“పట్టిన.”

“గట్టిగనే పట్టినవా?”

“గట్టిగనే. అప్పుడే కాయం చేసిండు.”

“దశరథంకు కుడిచేతి చిటికెన వేలు లేక ఆరేండ్లాయె. గడ్డి మిషన్ల పడి పొయ్యింది. దవాఖానకు తీస్కపొయ్యింది మీ అన్ననే.”

“చాయ్ సల్లగైంది వదినె.”

“చిన్న తాతా?”

“నువ్వు రాసుకో బిడ్డా.”

“నువ్వు మాట్లాడు గుర్వయ్యా.”

“ఏం మాట్లాడాలె? గీ పిల్ల చెప్పిన మొండి కత్తి నీ చేతులనే ఉన్నది వదినె. పొద్దుగాల సంది కోస్తనే ఉన్నవ్. ఒక్కటే వేటు ఎయ్యరాదు?”

“ఎయ్యాల్నా?”

“ఎయ్యి.”

“మీ అన్న సాదిన జీవాన్ని కోతకు ఇచ్చినవా?”

“దశరథం రానే రాలే. అడిగినోళ్లంత కోతకే అడిగిన్రు. సాదుకుంటమన్నోడు ఒక్కడు లేడు.”

“ఇచ్చినవా, లేదా?”

“నువ్వేమో పిల్ల ఎల్లుండే పోవాలంటివి. ఒట్టిచేతులతోని వస్తె ఏమంటవో నాకు తెల్వదా? నేను ఇస్తనంటె ఎన్నడన్న చెయ్యి చాపినవా? మా అన్న పొయిన నాటి సంది ఒక్క గింజ తీసుకున్నవా మా ఇంట్లకెల్లి?”

“అడిగినదానికి చెప్పు.”

“ఇచ్చిన. పో. కోతకే ఇచ్చిన. తిట్టు, కొట్టు, ఇయ్యాల్టి సంది నా మొకం చూడకు. గాని పైసలు మాత్రం వాపస్ ఇయ్యకు. పిల్లను పట్నం తోలు.”

“ఇచ్చినవ్.”

“ఇచ్చిన వదినె.”

“నీ కండ్ల ముందటనే తోలుకపొయిన్రా?”

“నా కండ్ల ముందటనే.”

“మల్లికా, లే బిడ్డా. గా తలుపు తియ్యి. మీ చిన్న తాత కోతకిచ్చిన పొట్టేలు కోడి కూయకముందే వచ్చి నా మంచం కాడ నిలవడ్డది. వాళ్ల దొడ్ల కట్టేసేతందుకు బిక్షమ్మ పేనిన తాడు తెగి, దాని మెడల ఇంక గట్లనే ఉన్నది.”