గణనీయమైన పురోగతి

తమ్ముడు పడవలోంచి తాడు కట్టిన సీసా విసిరాడు. సముద్రంలో తేలుతూనే అక్క రెండు గుక్కలు తాగింది. రికార్డు ఈతలో పడవను ముట్టుకుంటే ఇంతసేపు ఈదిందంతా చెల్లదు.

“ఒడ్డు ఇంకెంత దూరంరా?”

“గణనీయమైన పురోగతి సాధించావక్కా!”

“ఓరి నీ దుంప తెగ! కంపెనీలు దివాలా తీసేటప్పుడు పేపర్లవాళ్లకిచ్చే ప్రకటనలో నేను రాసే ముక్కరా అది. నిజం చెప్పు.”

“చెప్తే పడవెక్కేస్తావు.”

“చెప్పకపోతే నిన్నే నీళ్లలోకి లాగేస్తా.”

తమ్ముడు తల గోక్కున్నాడు.

“నీళ్లు ఎదురు తోస్తున్నాయక్కా. గంట నుంచి ఉన్నచోటే ఉన్నావు.”

అక్క సీసా వదిలేసి ఈత కళ్లద్దాలు సర్దుకుంది.

“ఎక్కుతావా మరి?”

“ఎక్కితే రేపు దానికీ ప్రకటన నేనే రాసుకోవాలి. అంతకన్నా ఈదడమే నయంరా!”