కోపమొస్తే ఉంచండి, నవ్వొస్తే కొట్టేయండి

అధ్యక్షత వహిస్తున్న ప్రెస్సు యజమాని గారికీ, ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా ఎడిటర్ గారికీ, పెద్దలకూ, మిత్రులకూ, నా మాట కాదనలేక వచ్చి తలుపు దగ్గర కూర్చున్న మా నాన్నకూ నమస్కారం.

ముందు నా గోడు. మతాన్ని విమర్శించే ఈ పత్రికలో ప్రూఫులు దిద్దడానికి చేరిన దగ్గర్నుంచీ మా ఇంట్లో నేను విశ్వాసం వదిలేసిన పిల్లనైపోయాను. ప్రార్థనా మందిరంలో పాట పాడితే నటన, పాడకపోతే రుజువు. మా అత్తయ్యయితే, "ఏమే, దేవుణ్ణి తిట్టే రాతలకి తప్పులు దిద్ది మరీ పంపిస్తున్నావా? ఆ తప్పులతోనే పోనివ్వచ్చు కదే!" అంది. (నవ్వులు) ఇక్కడేమో కంపోజింగ్ బాబాయి, "ఇవాళ కాకపోతే రేపు మనలో కలుస్తుందిలే" అని టీ తాగినప్పుడల్లా అంటాడు. మద్దెలకు రెండువైపులా వాయింపే. ఈ పొద్దున నాన్న తేల్చేశాడు: "ఆయనెలాగూ వెళ్ళిపోతున్నాడు, నువ్వూ రాజీనామా ఇచ్చేసి రా. లేదా ప్రార్థనలో నా పక్కన కూర్చోకు."

నన్ను ఉన్నదున్నట్టు అర్థం చేసుకున్నది ఎడిటర్ గారొక్కరే. దేవుడు లేడని వాదించే ప్రతి వ్యాసమూ ముందు నా బల్ల మీదికే వచ్చేది. "నమ్మేదానివి నువ్వే కదమ్మా. ఎక్కడ కోపమొస్తుందో, ఎక్కడ నవ్వొస్తుందో గీత పెట్టు" అనేవారు. కోపమొచ్చిన వాక్యం తగిలినట్టేనని ఉంచేవారు. నవ్వొచ్చింది తేలిపోయినట్టేనని కొట్టేసేవారు.

ఒకసారి ఆయన వ్యాసంలోనే, "నమ్మేవాళ్ళకు దుఃఖం తేలిక, దేవుడి చిత్తమనుకుని పడుకుంటారు" అన్న దగ్గర నాకు కోపమూ రాలేదు, నవ్వూ రాలేదు. కాగితం పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళి, మా తమ్ముడు చనిపోయిన ఏడాది మా నాన్న ప్రార్థన ఎలా ఉండేదో చెప్పాను. మోకాళ్ళూని, "ఎందుకు తీసుకెళ్ళావు? చెప్పు!" అని పక్కింటికి వినబడేలా దెబ్బలాడేవాడు. "ఇదేనా సార్ తేలికంటే?" అన్నాను.

"దెబ్బలాడినంత మాత్రాన అవతల ఒకడున్నట్టా?"

"కాదండీ. మీరు రాసింది తప్పన్నట్టు, అంతే."

ఆ వాక్యం ఆయనే కొట్టేశారు. కింది వాక్యం మీద వేలు పెట్టారు: అంత మంచివాడైతే పసివాణ్ణి ఎందుకు కాపాడలేదు? "దీనికి కోపమొచ్చిందా?" వచ్చిందన్నాను. ఉంచేశారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఉందని ఇక్కడ బుకాయిస్తే అబద్ధమవుతుంది, అబద్ధమాడి దేవుణ్ణి కాపాడాల్సిన అవసరం నాకు లేదు. ప్రశ్నిస్తే విశ్వాసం పోతుందని మా వాళ్ళూ, విశ్వాసముంటే ప్రశ్న చచ్చిపోతుందని మీరూ అనుకుంటారు. నేను నమ్మినవాడు సిలువ మీద వేలాడుతూ తానే, "దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు?" అని అడిగాడు. దూరంగా కూర్చుని సమాధానాలు పంపే దేవుణ్ణయితే ఈ పత్రిక ఎప్పుడో నా చేత వదిలించేది. బాధలోకి దిగి వచ్చినవాణ్ణి వదిలించలేకపోయింది.

అమ్మయ్య, అనేశాను. ఇన్నాళ్ళూ ఇంట్లో ఒక ముఖం, ఇక్కడ ఒక ముఖం పెట్టుకుని తిరిగిన బరువు దిగిపోయింది. నాన్నా, తల దించుకోకు. నువ్వు దెబ్బలాడటం చూసే నేను నమ్మడం నేర్చుకున్నాను.

ఎడిటర్ గారూ, నన్ను మార్చాలని చూడనందుకు మీకు నా కృతజ్ఞతలు. ఓపిగ్గా విన్న సభకు వందనాలు. నేను రాజీనామా ఇవ్వడం లేదు. ప్రార్థనలో నాన్న పక్కనే కూర్చుంటాను. సెలవు.