రోజుకి పదమూడు వేల అడుగులు

(ఆస్పత్రిలో ఇరుకు గది. ఊపిరితిత్తి క్యాన్సర్‌కి ఆపరేషన్ అయి ఏడాదైన టైలర్ మాస్టారు, పక్కన ఆయన భార్య. ఎదురుగా, ఆయన చేతికి అడుగులు లెక్కపెట్టే బ్యాండ్ కట్టి పంపిన ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయి.)

“...పదమూడు వేలు తల్లీ, రోజుకి. ఒక్క అడుగు తగ్గితే నన్నడుగు. నేనొస్తుంటే రోడ్డే పక్కకి తప్పుకుంటోంది. వీధికుక్కలు రెండు నాతో పోటీకొచ్చి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాయి.”

“బ్యాండ్ కూడా పదమూడు వేలే అంటోంది మాస్టారూ.”

“అదీ. పెద్ద డాక్టరు గారికి బాగున్నాడని రాసెయ్. ఈసారి స్కాన్ అక్కర్లేదని కూడా రాసెయ్. మేం వెళ్ళొస్తాం.”

“కూర్చోండి.”

“కూర్చునే ఉన్నా.”

“లేస్తున్నారు.”

“కాళ్ళు ఊరుకోవట్లేదమ్మా, నడకకి అలవాటు పడి.”

“ఇందులో అడుగులున్నాయి గానీ, నాడి లేదు మాస్టారూ. మొదటి వారం ఉంది. తర్వాత మూడు వారాలు గుండె ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. దీని లెక్కన మీరు పోయి మూడు వారాలైంది. అయినా నడుస్తున్నారు.”

“పట్టుదలంటే అదే మరి.”

“ఏమండీ, అవేం మాటలు.”

“నువ్వాగవే. వదులుగా కట్టుకున్నానమ్మా. చెమట.”

“పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా నడక. మళ్ళీ రెండు నుంచి అయిదు దాకా. దాదాపు రోజూ అంతే.”

“కొలత మనిషిని. టైమంటే టైమే.”

“ఎక్కడెక్కడ తిరిగారో కూడా చూపిస్తుంది. పదమూడు వేల అడుగులేసి, ఉన్న చోటు నుంచి కదల్లేదు.”

“...తలుపు కాస్త తీస్తావా, ఉక్కగా ఉంది.”

“తీసే ఉంది మాస్టారూ.”

“ఒక్క నిమిషం అమ్మాయ్. పది నుంచి ఒంటిగంట, రెండు నుంచి అయిదు. అంతేనా?”

“అవునాంటీ.”

“అవి నేను కుట్టు మిషన్ తొక్కే టైములు.”

“ఆ టైముల్లో లోకంలో ఎంతమంది ఏమేం చేస్తారో. ఊరుకోవే.”

“మొన్న మంగళవారం మిషన్ బెల్టు తెగి పన్నెండింటికే లేచిపోయా. మంగళవారం చూడమ్మా.”

“మంగళవారం... పన్నెండింటికి ఆగిపోయింది. మళ్ళీ లేదు.”

“ఏమండీ. నా పెడల్ కింద ఏం కట్టారు?”

“పెడల్ కిందా? పెడల్ కింద నేలుంటుంది.”

“ఏం కట్టారు?”

“బ్యాండు.”

“అంటే ఆ పదమూడు వేలూ నావి.”

“మొగుడూ పెళ్ళాల మధ్య నీవీ నావీ ఏంటే.”

“ఆంటీ, మీ ఆరోగ్యం మాత్రం చాలా బాగుంది.”

“నా సంగతి సరేగానీ తల్లీ, రోజూ బూట్లేసుకుని, వాకింగంటూ వెనక గుమ్మంలోంచి వెళ్తారే, అదెక్కడికో అడుగు.”

“అక్కడికే.”

“ఎక్కడికి?”

“మేడ మెట్ల మీద కూర్చుంటా.”

“గంటలు గంటలా? ఎవరితో?”

“బూట్లతో.”

“బద్ధకంగా ఉందని చెప్తే నేనే తగ్గించేదాన్ని కదా మాస్టారూ. రెండు వేలతో మొదలుపెట్టేవాళ్ళం.”

“బద్ధకమే. రాసుకో. వట్టి బద్ధకస్తుడు, స్కాన్ అక్కర్లేదు.”

“ఏమండీ, ఊరికే స్కాన్ మాటెందుకు తెస్తున్నారు?”

“ఎవరు, నేనా?”

“ఇది రెండోసారి.”

“ఆ గొట్టంలోకి తోస్తారు కదా. ఊపిరి బిగబట్టమంటారు. బయటికి రావాలంటే వాళ్ళు లాగాలి. మనంతట మనం రాలేం.”

“కిందటిసారి గొట్టంలో నిద్రపోయానని ఊరంతా చెప్పుకున్నారుగా మీరే.”

“చెప్పుకున్నా.”

“ఏమండీ, ఇటు చూడండి.”

“చూస్తున్నా.”

“గోడకేసి చూస్తున్నారు. మేడ మీదకే వెళ్ళొచ్చుగా, గాలైనా వస్తుంది. మెట్ల మీదెందుకు?”

“ఏదో.”

“ఏ మెట్టు మీద కూర్చుంటారు మాస్టారూ?”

“మెట్టు మెట్టే. ఏదైతే ఏం.”

“ఏ మెట్టు?”

“...బ్యాండ్ కట్టిన రోజు పైదాకా ఎక్కా. పద్దెనిమిది. వారం తిరిగేసరికి పదకొండు. తర్వాత ఆరు.”

“ఇవాళ?”

“రెండు. అక్కడే ఆయాసమొచ్చి కూర్చుండిపోయా. చేతికుంటే అది నీకు చెప్పేస్తుందని తీసేశా తల్లీ. నువ్వు మా ఆవిడకి చెప్పేస్తావని.”