నోరు తెరిచే ఉంచండి డాక్టరుగారూ

అదిగో, మళ్లీ మూస్తున్నారు. పని అయ్యేదాకా నోరు తెరిచే ఉంచాలని రోజూ పేషెంట్లకు చెప్పేది మీరే కదండీ? వెనక పళ్లకు ఇంత గార పట్టించుకుని, వచ్చినవాళ్లందరికీ బ్రష్షు ఎలా పట్టుకోవాలో నేర్పుతారు. చెప్పేందుకే నీతులు అంటే ఇదే మరి.

మాట్లాడకండి, ఉమ్ము లాగే గొట్టం జారిపోతుంది. నేను మాట్లాడతాను, మీరు వినండి.

శనివారం సంగతి. అదేనండీ, నా ఎంబీఏ ఎంట్రన్సు. కనుబొమలు అలా ముడేస్తే ఏం లాభం? నిరుడు ఈ మాట ఎత్తగానే "శనివారమా, మనకు రద్దీ ఆరోజే కదమ్మా" అంటూ ఫోను అందుకున్నారు. అంతకు ముందేడు నేను నోరు తెరిచేలోపే "ఆ పై పన్ను ఎక్స్‌రే ఏది?" అన్నారు. రెండుసార్లూ హాల్‌టికెట్టు నా బ్యాగులోనే ఉండిపోయింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగనిస్తేగా?

పొద్దున తొమ్మిదికి షట్టరు ఎత్తేదీ నేనే, రాత్రి ఎనిమిదికి దించేదీ నేనే. మరి చదివేదెప్పుడంటారా? పంటి అచ్చు తీసేటప్పుడు. ఆ ముద్ద నోట్లో గట్టిపడటానికి మూడు నిమిషాలు. మూడు నిమిషాలకో లెక్క. ఈ ఏడాది మన దగ్గర పళ్లు కట్టించుకున్న ప్రతివాళ్లూ నా లెక్క ఒకటి విన్నవాళ్లే. రిటైరైన లెక్కల మాష్టారైతే నోటినిండా ముద్ద పెట్టుకుని, నా జవాబుకు తల అడ్డంగా ఊపారు. అచ్చు పాడైంది. కదిలారని మీరు ఆయన్నే కోప్పడ్డారు. తర్వాత చూసుకుంటే నా లెక్క నిజంగానే తప్పు.

పుక్కిలించాలా? ఇంకాస్త ఓపిక పట్టండి.

ఎలాగూ లేవలేరు కాబట్టి ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఆమధ్య ఆదివారం ఒక పెద్దాయన వచ్చి, షట్టరు వేసున్న మన మెట్ల మీద రెండు గంటలు కూర్చున్నారే, కార్డు మీద తేదీ తప్పు రాశాడని మీరు కాంపౌండరు బాబాయిని కడిగేశారే. అది తేదీ కాదండీ. ఆరుగురు మనుషులు గోడ ఎన్ని రోజుల్లో కడతారన్న లెక్క. కాగితం దొరక్క అపాయింట్‌మెంట్ కార్డు వెనక చేసుకున్నాను. పదిహేడు వచ్చింది, సంతోషం పట్టలేక చుట్టూ సున్నా చుట్టాను. తర్వాత చూసుకోకుండా ఆ కార్డే ఆయన చేతిలో పెట్టాను. ఆయన పాపం, పదిహేడున వచ్చారు.

బాబాయికి అంతా తెలుసు. అయినా మీ ముందు నోరు మెదపలేదు. "తిట్లు నాకు అలవాటేలే, నువ్వు మాత్రం పరీక్ష రాయి తల్లీ" అన్నాడు. ఆరోజు మందుల గదిలో కూర్చుని ఏడ్చాను.

ఫెయిలవుతానని కాదండీ నా భయం. మూడోసారి కూడా రాయకుండా ఉండిపోతే నాలుగోసారి ఫారం నింపను. నా సంగతి నాకు తెలుసు. ఇలాగే గొట్టం పట్టుకుని నిలబడి, ఒకప్పుడు నేనూ చదువుదామనుకున్నానని వచ్చినవాళ్లకల్లా చెబుతుంటాను. నోట్లో ముద్ద ఉంటుంది కాబట్టి వాళ్లకు వినక తప్పదు.

మౌనం అర్ధాంగీకారం అంటారు. అంటే సగం సెలవు ఇచ్చేసినట్టే. మిగతా సగానికి తల ఊపండి చాలు.

అడ్డంగా కాదండీ, నిలువుగా. ఆ, అలా. చల్లగా ఉండండి.

ఇంక దాచడం ఎందుకు, శనివారం పేషెంట్లందర్నీ మొన్ననే సోమవారానికి మార్చేశాను. మీరు ఊపినా ఊపకపోయినా వెళ్లేదాన్నే. కాకపోతే చెప్పి వెళ్లాలనిపించింది.

గార తీయడమంటారా, అది పావుగంట క్రితమే అయిపోయింది. అప్పటినుంచీ ఈ మిషను ఊరికే తిప్పుతున్నాను. ఏం చేయమంటారు, మూడేళ్లలో మీరు నా మాట చివరిదాకా విన్నది ఈ ఒక్కసారే.