పదకొండో పేజీ, ఆరో వరుస

రేపు సాయంత్రానికల్లా కావాలా? రెండొందల పుస్తకాలు నాకో పనా అమ్మాయీ, ఈ బల్ల దగ్గర నిలబడి యాభై రెండేళ్లయింది, కావాలంటే ఇవాళే ఇవ్వగలను. కానీ కుట్టను. ఆ, సరిగ్గానే విన్నావు, కుట్టను. అలా గుడ్లప్పగించి చూడకు, ఆ స్టూలు మీది అట్టలు కింద పెట్టి కూర్చో. దారం సిద్ధంగా ఉంది, జిగురు సిద్ధంగా ఉంది, మీ మ్యూజియం వాళ్లు పంపిన ఫారాలు పొద్దున్నే మడత పెట్టేశాను కూడా. మడత పెడుతూ చదివాను. అదీ వచ్చిన చిక్కు. బైండింగు చేసేవాడు చదవడని మీ అందరికీ ఓ గట్టి నమ్మకం. నేను కుట్టిన ప్రతి పుస్తకమూ చదివాను. కాకపోతే పదహారేసి పేజీలుగా, ఏ ఫారం ముందు చేతికొస్తే అది. అందుకే చాలా యుద్ధాలు నాకు ముందు ముగిసి, తర్వాత మొదలయ్యాయి. సరే, అది వదిలెయ్. పదకొండో పేజీ తియ్యి. ఆరో వరుస. పైకి చదువు, గొంతులోనే మింగేస్తావేం? "ఆ ద్వీపపు నోటు విషయంలో తన వాదనకు ఆధారం లేదని గ్రహించి, ఆయనే దాన్ని ఉపసంహరించుకున్నారు." గ్రహించాడట! నీతో చెప్పాడా మా బావ, గ్రహించానని? నువ్వప్పటికి పుట్టనేలేదు. ఏమిటీ, ఆయన రాసుకున్న పుస్తకంలోనే ఉందా? ఏముంది అందులో? "వాదన ఉపసంహరించుకుంటున్నాను" అని ఉంది, కింద తేదీ ఉంది, సంతకం ఉంది. నాకు తెలుసు, ఆ పుస్తకానికి అట్ట వేసింది నేను. "ఆధారం లేదని గ్రహించి" అని ఎక్కడుంది? అది నీ సొంత కవిత్వం. మాట వెనక్కి తీసుకోవడం వేరు, తప్పని గ్రహించడం వేరు. చరిత్ర రాసేదానివి, ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో నేనా నీకు చెప్పాలి? ఆపైన మూడో పేజీలో ఇంకొకటి పెట్టావు, "కాలక్షేపంగా మొదలుపెట్టి" అని. కాలక్షేపం! ఆ మాట చదివినప్పుడు మడతలు నొక్కే ఎముకబద్ద చేతిలోంచి జారిపోయింది నాకు.

ఆయన కాలక్షేపం చేసిన రోజు ఒక్కటుంటే చెప్పమను. ఆయనకి కళ్లజోళ్ల షాపు ఉండేది, ఇక్కణ్ణుంచి నాలుగో గుమ్మం, ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారే, అదే. ఊరంతా ఆయన్ని భూతద్దం అనేది. నేను మాత్రం బావా అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదులే, ఆయన భార్య పెళ్లికి ముందు మా పక్కింటి అమ్మాయి, నేను అక్కా అని పిలిచేవాణ్ణి, కాబట్టి ఈయన బావ. బావ అయ్యాక ఏమైనా అనొచ్చుగా, నేను అనేవాణ్ణి, ఆయనా అనేవాడు. కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్ల ముందు గోడ మీద అందరికీ ఉండే అక్షరాల పటం ఉండేది కదా, ఈయన దాని కింద తను పోగేసిన డబ్బు నోట్లలోంచి ఏదో దేశపుది ఒకటి పిన్నుతో గుచ్చేవాడు. "కింది వరుస చదవండి." "అదేం భాషండీ?" "భాష నేనడగలేదు, అంచు గీతలెన్నో చెప్పండి." మా పాలవాడు పన్నెండన్నాడు. ఈయన భూతద్దం పెట్టి లెక్కపెట్టుకుని, "పదకొండే అని ఇరవై ఏళ్లుగా క్యాటలాగుల్లో రాస్తున్నారు, పన్నెండే ఉన్నాయి!" అని గంతేసి, వాడి కళ్లు భేషుగ్గా ఉన్నాయని చెప్పి పంపేశాడు. కళ్లజోడు అమ్ముడుపోలేదు, అదిగో, అదీ వ్యాపారం. ఇక ఉత్తరాలు. ఏ దేశంలోనో, ఎప్పుడో మూతపడిన నోట్ల ప్రెస్సులో పనిచేసిన ముసలివాడి చిరునామా సంపాదించి, "అయ్యా, మీ దగ్గర నీలం సిరా ఏ నెలలో అయిపోయింది?" అని రాసేవాడు. ఒక్క ప్రశ్న, అంతే. పద్నాలుగు నెలలకి జవాబొచ్చింది. "వానాకాలం మొదట్లో" అని. ఆ ఒక్క మాట కోసం ఆ లిపి నేర్చుకున్నాడు మనిషి! దాన్ని కాలక్షేపం అంటే, నీ ఉద్యోగాన్ని ఏమనాలి? నవ్వకు, నేను కోపంగానే అన్నాను.

మా అక్కయ్య మాత్రం తక్కువదా! "తమ్ముడూ, మంచం కింద నలభై దేశాలున్నాయి, ఊడుద్దామంటే ఎవర్నడిగి ఏ సరిహద్దు దాటాలో తెలియడం లేదు" అనేది, చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి. ఆవిడ అసలు బాధ అది కాదు. అందరూ కొత్త నోట్లు దాచుకుంటారు, పెళపెళలాడేవి, మడత పడనివి. ఈయనకి అవి పనికిరావు. నలిగినవి కావాలి, గుండుసూది కన్నాలున్నవి కావాలి, వెనక ఎవరో ఏదో గీకినవి కావాలి. పొరుగూళ్లలో నోట్లు పోగేసేవాళ్లు ఈయన దగ్గరున్న మంచివి పట్టుకుపోయి, చెత్తంతా ఇచ్చి, దారి పొడుగునా నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు. నేనూ అడిగాను, ఏం పిచ్చి బావా ఇది అని. ఏమన్నాడో తెలుసా? "కొత్త నోటు చూస్తే ముద్రించినవాడు ఏమనుకున్నాడో తెలుస్తుంది. పాత నోటు చూస్తే జనం ఏమనుకున్నారో తెలుస్తుంది. మొదటిది ప్రభుత్వాలు రాసిపెట్టాయి, రెండోది ఎక్కడా లేదు." ఇది నీ పుస్తకంలో ఎక్కడుంది? ముప్ఫై రెండు పేజీలు రాశావు, నోట్ల కొలతలన్నీ వేశావు, ఈ ఒక్క మాట లేదు.

ఇప్పుడు ఆ ద్వీపపు నోటు సంగతి. పేరు నాకు నోరు తిరగదు, నీకు తెలుసుగా. యుద్ధంలో మూడు నెలలు ఓడలు ఆగిపోయాయి, చిల్లర అయిపోయింది, రేవు వాళ్లు సొంతంగా నోట్లు వేయించుకున్నారు. కాగితమూ లేదు, అందుకని బడిపిల్లల రాతపుస్తకాల కాగితం మీద వేశారు. గీతల కాగితం అని గుర్తుపట్టింది నేనే, అది కూడా రాసుకో. లోకమంతా కొలిచే పెద్ద క్యాటలాగు ఒకటుందే, అందులో ఒకే వాక్యం: ముద్రించారు, చిల్లర తెచ్చే ఓడ ముందే రావడంతో చలామణీలోకి రాలేదు. అంతే. అంటే ఆ ఊరివాళ్లు ఆ మూడు నెలలు ఏం పెట్టి ఏం కొనుక్కున్నారో ఎవరికీ పట్టలేదు. బావకి దొరికిన నోటుకి నాలుగు మడతలు. నిలువుగా మూడు, అడ్డంగా ఒకటి, ఇంత చిన్న చదరంగా. వెనకవైపు పెన్సిలుతో, "దీపపు నూనె, రెండు కొలతలు". ఆయన మైక్రోస్కోపు కింద పెట్టి నాకు చూపించాడు: పెన్సిలు గీత మడత దగ్గరికి రాగానే ఎగిరి అవతల పడుతోంది. అంటే రాసేటప్పటికే మడత ఉంది. ఇక మురికి పెన్సిలు మీద కూర్చుంది. ముందు మడత, తర్వాత రాత, ఆపైన మురికి. "ఈ వరసలో ఉన్నాయంటే ఇది ఎవరి నడుము సంచిలోనో తిరిగింది బావమరిదీ, నూనె కొట్టు దాకా వెళ్లింది" అన్నాడు. నేను ఊరుకుంటానా? "ఎవడో ఇంట్లో కూర్చుని మడిచి, రాసి, మసి పూసి ఉండొచ్చుగా?" అన్నాను. కోప్పడతాడనుకున్నాను. పుస్తకం తీసి రాసుకున్నాడు. చూశావు కదా ఆ పుస్తకంలో, "బా.మ. అభ్యంతరం" అని అక్కడక్కడా ఉంటుంది? బా.మ. అంటే బావమరిది. నేనే. నువ్వేమో అడుగున "గుర్తుతెలియని పండితుడు" అని వేశావు. చూసి కాసేపు సంతోషించాననుకో.

రెండేళ్లు తర్జనభర్జన పడి, నా అభ్యంతరాలన్నిటికీ జవాబు దొరికాక, అప్పుడు రాశాడు ఆ క్యాటలాగు పెద్దాయనకి. మీ వాక్యం తప్పు, వచ్చి చూసుకోండి అని. ఆయన నిజంగానే వచ్చాడు! గురువారం పొద్దున, కోటూ, తోలు సంచీ. షాపులోకి నన్నూ పిలిచాడు బావ. సరిగ్గా ఆ ముందురోజే వెనకవైపు ఫోటో తీయించమని చెప్పాను, "మనిషే వస్తుంటే ఫోటో ఎందుకు, నోటే చూస్తాడు" అన్నాడు. పెద్దాయన కూర్చున్నాడు. బావ అట్టపెట్టె తెరిచాడు. నోటు ఉంది లోపల. తెల్లగా, నున్నగా, ఇస్త్రీ చేసిన చేతిరుమాల్లా. మడతల్లేవు. మురికి లేదు. పెన్సిలు రాత ఉండవలసిన చోట రబ్బరు రుద్దిన మెరుపు ఉంది. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నవ్వి, "నాలుగు మడతలని రాశారు. నాకు మడతపేచీ తప్ప మడత కనిపించడం లేదు" అన్నాడు. చాలా బాగా అన్నాననుకున్నాడు! అంత దూరం నుంచి వచ్చినవాడు ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూడొద్దూ? తడిపి ఆరబెట్టిన కాగితానికీ, ప్రెస్సు నుంచి వచ్చిన కాగితానికీ తేడా తెలియనివాడు లోకానికి క్యాటలాగులు రాస్తాడా? నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. వాడి మీద సరే, అసలా మడతలు తీసినవాడున్నాడే, వాడికి బుద్ధి ఉందా? చేతిలో పనితనం ఉంది కదా అని కనపడిన దానినల్లా సాపు చేసేస్తారా? ఎవరైనా చెయ్యమన్నారా వాణ్ణి? కాస్త తడి అద్ది, అద్దుడు కాగితాల మధ్య పెట్టి, మరలో బిగించి, మిగిలినదాన్ని రబ్బరుతో, ఎంత ఓర్పుగా, ఎంత...

ఎవరంటావేమిటి? ఊళ్లో కాగితం సాపు చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారు?

ఆ నోటుకి పెట్టె చెయ్యమని ఇచ్చాడు బావ నాకు. పెట్టె మాత్రమే. నీలం గుడ్డ అతికించి, లోపల మెత్త వేసి, అంతా అయ్యాక నోటు పెడితే మడతల వల్ల ఒక మూల లేచి నిలబడింది. నా చేతిలోంచి వెళ్లే పనిలో మూల లేచి ఉంటుందా? పెద్దాయన వస్తున్నాడు, బావ పరువు, నా పెట్టె... అంతే అనుకున్నాను. మడత కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదమ్మా. రెండేళ్లు ఆ మడతల మీద వాదించినవాణ్ణి నేనే, ఆ మధ్యాహ్నం నాకు అవి మడతలుగా, ఆ రాత రాతగా కనబడలేదు, పనిలో లోపంగా కనబడ్డాయి. బావ ఆ నోటు చూశాడు. పెట్టె చూశాడు. నన్ను మాత్రం చూడలేదు. ఒక్క మాటంటే సరిపోయేది, నిన్నటిదాకా ఉన్నాయి, మా బావమరిది తీసేశాడని. అనలేదు. "చూపించలేనిదాన్ని ఉందనడం కుదరదు. నా వాదన ఉపసంహరించుకుంటున్నాను" అన్నాడు. పుస్తకం తెరిచి, పెద్దాయన ముందే రాసి, సంతకం పెట్టాడు. నా మీద ప్రేమతో నా పేరు దాచాడనుకుంటే నాకు హాయిగా ఉంటుంది. కానీ నేను నమ్మను. వేరే ఎవరైనా వచ్చి, నిన్నటిదాకా సాక్ష్యం ఉంది, ఇవాళ లేదు అంటే ఈయన ఒప్పుకునేవాడా? ఒప్పుకోడు. ఎదుటివాడికి ఇవ్వని వెసులుబాటు తను అడగడు. అదీ మనిషి. కానీ ఒకటి చెప్పు, నా అభ్యంతరాలన్నీ తేదీలతో సహా రాసుకున్నవాడు నా తప్పు ఒక్కటి ఎందుకు రాయలేదు? తర్వాత పదమూడేళ్లు బతికాడు, నాతో ఎప్పటిలాగే ఎగతాళి, ఎప్పటిలాగే బావమరిదీ అని పిలుపు. ఆ సంగతి ఎత్తలేదు. పెట్టెల పని నాకే ఇచ్చేవాడు. కాకపోతే ప్రతి నోటుతోనూ ఒక చీటీ వచ్చేది, ముచ్చటైన చేతిరాతతో, "మడతలు యథాతథంగా ఉంచవలెను". నలభై ఏడు చీటీలు. ఆ సొరుగులో ఉన్నాయి. ముట్టుకోకు.

అందుకని చెబుతున్నాను, ఆధారం లేదని గ్రహించలేదు ఆయన. ఆధారం ఉంది. ఎల్లుండి మీ మ్యూజియంలో ప్రదర్శనకి ఊరంతా వచ్చి ఆ పేజీ చదివి, పాపం ఏదో పొరబడ్డాడట అనుకుని, ఆ నున్నటి నోటు చూసి, ఎంత శుభ్రంగా దాచాడో అని మెచ్చుకుని పోతారా? నా చేత్తో కుట్టిన పుస్తకంలో? కుదరదు. మళ్లీ అచ్చు వేయించడానికి టైము లేదంటావు, సరే. తప్పొప్పుల చీటీ వేద్దాం, పదకొండో పేజీకి నేనే అంటిస్తాను. కాగితం తీసుకో. తప్పు: నువ్వు రాసిందంతా, "ఆధారం లేదని" దగ్గర్నుంచి. ఒప్పు... ఆగు. ఒప్పు అని వేసి రెండు చుక్కలు పెట్టడం తేలిక, ఆ మాటలో ఒప్పుకోవడం కూడా ఉందని ఇవాళే తడుతోంది. రాయి. ఒప్పు: ఆ నోటుకు నాలుగు మడతలుండేవి. వెనక దీపపు నూనె లెక్క ఉండేది. అది చలామణీ అయింది. వాటిని తీసేసినవాడు ఈ పుస్తకం కుట్టినవాడే.

ఏమిటా చూపు? ఒక మనిషి మాట సాక్ష్యమా అంటావా? మంచి అభ్యంతరం, రాసిపెట్టుకో. నీ పేరుతో రాసుకో.

వెళ్లు, ప్రెస్సు మూసే వేళవుతుంది. రెండొందలు వేయించుకురా. చీటీ పేజీకన్నా పెద్దదొస్తే భయపడకు, మడిచి అంటిస్తాను. మడత పెట్టడం కూడా వచ్చు నాకు.